విన్నపం వినని రాజ్యం మీద తిరుగుబాటు: చరిత్ర పాఠాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

విజయనగరం

పాఠశాల విద్యకు చరిత్ర పాఠాలను, వాటి పరీక్షాపత్రాలను, జవాబుల నమూనాలను తయారుచేసే అధికారులకు, రచయితలకు. నాతోటి సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులకు నమస్కారాలు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ప్రజలు ఒక సామ్రాజ్యం మీద ఎందుకు తిరగబడతారన్న పాఠాన్ని మన పిల్లలకు చెబుతున్న తీరులోను, దాని మీద మార్కులు వేస్తున్న తీరులోను పెద్ద పొరపాటు ఉందని గత రెండేళ్లలో మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి అందినట్టు రసీదు వచ్చింది. తక్కిన రెండింటికి అది కూడా రాలేదు. పాఠం రాయడం ఎంత కష్టమో, ఎన్ని ఒత్తిళ్ల నడుమ రాయవలసి వస్తుందో తెలిసినవాడిని కనుక మీ మీద గౌరవం తగ్గకుండానే, అదే మాటను ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ఈ ఉత్తరాలకు కారణమైన సంగతి ముందు చెప్పాలి. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక బడిలో నేను పనిచేస్తున్న చివరి సంవత్సరం, ఒక పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వచ్చింది: "అమెరికా వలసల ప్రజలు బ్రిటన్‌పై తిరుగుబాటు చేయడానికి కారణం ఏమిటి?" తండ్రి గుజరాత్‌లోని వేరావళ్‌ రేవులో బోటు పనికి వెళ్లిన ఒక అమ్మాయి ఇలా రాసింది: "పన్ను చిన్నదే. కానీ వాళ్లను అడక్కుండా వేశారు. వద్దని రాసి పంపితే చదవలేదు." మాకు పంపిన జవాబుల నమూనాలో "తేయాకుపై అధిక పన్ను" అని ఉంది. ఆ అమ్మాయికి సున్నా వేయవలసి వచ్చింది. ఆ సున్నా నా చేత్తోనే వేశాను, ఆ బాధ ఇప్పటికీ నన్ను వదలలేదు. ఇది ఎక్కడ చదివావమ్మా అని తరువాత అడిగితే, ఆ పిల్ల తలవంచుకుని, "మా ఊరోలు కూడా అలాగే తిరిగినారు కదా మాస్టారూ, అర్జీ ఎట్టుకుంటే ఎవులూ ఏటీ పలకనేదు" అంది. చరిత్రకారులు ఎంతో శ్రమపడి తేల్చిన విషయాన్ని ఆ పిల్ల తన ఊరి అనుభవంతో పోల్చుకుని పట్టుకుంది. మన జవాబుల నమూనా మాత్రం దాన్ని తప్పని తేల్చింది.

కింది విషయాలను మీ ముందు ఉంచుతున్నాను.

1. ముందుగా మాట గురించి. మా జిల్లాల్లో "వలస" అంటే పొట్టకూటికి ఊరు విడిచి హైదరాబాదుకో, చెన్నైకో, గుజరాత్ రేవులకో పోవడం. "వలస ప్రజల తిరుగుబాటు" అని బోర్డు మీద రాయగానే, వాళ్లు ఏ పనికి వెళ్లారు, కూలి ఇవ్వలేదా అని అడిగిన పిల్లలు నాకు ఏటా ఉండేవారు. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. ఆమదాలవలస, కొత్తవలస వంటి మా ఊళ్ల పేర్లలోనే, ఎక్కడినుంచో వచ్చిన జనం నిలదొక్కుకున్న చోటు అన్న అర్థం ఇంకా బతికి ఉంది; అమెరికాలోని 13 వలసలు సరిగ్గా ఆ అర్థంలో వలసలే. అక్కడ తిరగబడినవాళ్లలో ఎక్కువమంది, రాజుగారి సొంత దేశం నుంచి వెళ్లి స్థిరపడినవాళ్ల సంతానం. మన దేశంలో పరాయి కంపెనీ పాలన కిందకు వచ్చినవాళ్లు ఈ నేల మనుషులే. ఈ రెండింటికీ "వలస ప్రజలు" అనే ఒకే మాట వాడి, రెండింటికీ ఒకే కారణాల పట్టిక కంఠస్థం చేయించడం వల్ల పిల్లలకు రెండూ అర్థం కాకుండా పోతున్నాయి.

2. "అధిక పన్ను" అనే జవాబు వాస్తవానికే విరుద్ధం. ఫ్రాన్స్‌తో బ్రిటన్ చేసిన ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పు దాదాపు రెట్టింపయింది. ఆ భారంలో కొంత అమెరికా వలసలు మోయాలని లండన్ అనుకుంది. 1764లో మడ్డి పంచదార పాకం మీద సుంకాన్ని గ్యాలనుకు 6 పెన్నీల నుంచి 3 పెన్నీలకు తగ్గించారు, తగ్గించి గట్టిగా వసూలు చేయడం మొదలుపెట్టారు; జ్యూరీ లేని నౌకా న్యాయస్థానాల్లో కేసులు విచారించారు. అప్పట్లో ఇంగ్లండులో ఉన్న సామాన్యుడు కట్టే పన్నులతో పోలిస్తే అమెరికాలో ఉన్నవాడు కట్టేది చాలా తక్కువ. 1773 నాటి తేయాకు చట్టం తేయాకును ప్రియం చేయలేదు, చవక చేసింది. పౌనుకు 3 పెన్నీల పాత సుంకం మాత్రం అలాగే ఉంచింది. చవకగా దొరికే తేయాకును ఆ ఏడాది డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడల నుంచి 342 పెట్టెల మేర సముద్రంలో ఎందుకు పారబోశారు? ఈ ప్రశ్న అడగకుండా ఆ పాఠాన్ని ముగించడానికి వీల్లేదు. మన నమూనా జవాబు అసలు ఈ ప్రశ్నే పుట్టకుండా చేస్తోంది.

3. అసలు కారణం అర్జీల చరిత్రలో ఉంది. దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నందుకు మన్నించండి. నా మొదటి ఉత్తరంలో దీన్ని నాలుగు వాక్యాల్లో చెప్పాను, బహుశా అందుకే ఎవరి దృష్టికీ రాలేదు.

1765 ప్రారంభంలో స్టాంపు చట్టం ముసాయిదా పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు, వద్దంటూ వలసల నుంచి విన్నపాలు వెళ్లాయి. పన్నుల బిల్లుల మీద విన్నపాలు స్వీకరించే ఆచారం లేదని పార్లమెంటులో ఎన్నికైన సభ్యుల సభ అయిన కామన్స్ సభ వాటిని చదవకుండానే తిప్పికొట్టింది. స్టాంపు కాగితం అంటే మన పిల్లలకు చెప్పనక్కరలేదు, రిజిస్ట్రారు కార్యాలయం బయట ప్రతి ఇంటివారూ కొన్నదే. అక్కడ దస్తావేజులకే కాక వార్తాపత్రికలకు, లైసెన్సులకు, చివరికి పేకముక్కలకు కూడా ఆ ముద్ర తప్పనిసరి చేశారు. అదే సంవత్సరం అక్టోబరులో 9 వలసల ప్రతినిధులు న్యూయార్క్‌లో కూడి రాజుకు, ప్రభువుల సభకు, కామన్స్ సభకు వేర్వేరుగా విన్నపాలు రాశారు. అలజడులు, వర్తక బహిష్కారం, లండన్ వర్తకుల మొర కలిసి 1766 మార్చిలో ఆ చట్టం రద్దయింది. అయితే రద్దు చేసిన రోజే, వలసలను "అన్ని విషయాలలోను" శాసించే అధికారం తమకు ఉందని పార్లమెంటు మరో చట్టం చేసి పెట్టుకుంది. పన్ను తీసేసి, అడిగే హక్కు మాత్రం లేదని చెప్పడం అంటే ఇదే. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, తేయాకు మీద మళ్లీ సుంకాలు వచ్చాయి. ఆ డబ్బుతో గవర్నర్లకు, న్యాయమూర్తులకు జీతాలు ఇస్తామన్నారు. అంతవరకు ఆ జీతాలు స్థానిక సభల చేతిలో ఉండేవి. జీతం ఇచ్చే చేయి మారితే అధికారి ఎవరి మాట వింటాడో అక్కడి రైతుకు వెంటనే అర్థమైంది.

1774 జనవరి 29న జరిగినదాన్ని ప్రతి తరగతి గదిలోను చెప్పాలని నా కోరిక. తమ గవర్నరును తొలగించమని మసాచుసెట్స్ సభ పంపిన విన్నపంతో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్‌లో రాజుగారి సలహా మండలి అయిన ప్రివీ కౌన్సిల్ ముందు నిలబడ్డాడు. ప్రభుత్వ న్యాయవాది విన్నపం సంగతి పక్కనబెట్టి ఆయనను దాదాపు గంటసేపు నిండు సభలో దొంగ అని, కుట్రదారు అని తూలనాడాడు. సభలోని పెద్దలు నవ్వారు. ఫ్రాంక్లిన్ ఒక్క మాట మాట్లాడలేదు. విన్నపాన్ని కొట్టేశారు, వెనువెంటనే ఆయన తపాలా పదవి కూడా పోయింది. అప్పటిదాకా సామ్రాజ్యం ఒక్కటిగా ఉండాలని కోరుకున్న మనిషి ఆయన. అదే ఏడాది బోస్టన్ రేవును మూసేశారు, మసాచుసెట్స్‌లో గవర్నరు అనుమతి లేకుండా ఊరి సభ ఏడాదికి ఒక్కసారికి మించి జరపరాదని చట్టం చేశారు. గ్రామసభను తప్పనిసరి చేసుకున్న మన రాష్ట్రంలోని పిల్లలకు ఆ చట్టం ఎంత దెబ్బో విడమరచి చెప్పనక్కరలేదు.

1775 ఏప్రిల్ 19న రాజు సైన్యానికి, వలసల జనానికి నడుమ తుపాకులు పేలాక కూడా, జులైలో వలసల ప్రతినిధులు రాజుకు మరో విన్నపం పంపారు. రాజు దాన్ని స్వీకరించడానికే ఇష్టపడలేదు. దాని అసలు ప్రతి ఆయన మంత్రి చేతికి అందేలోపే, ఆగస్టు 23న వాళ్లను తిరుగుబాటుదారులుగా ప్రకటించాడు. ఏడాది తిరగకుండా 1776 జులై 4న వెలువడిన స్వాతంత్ర్య ప్రకటన, రాజు మీద ఫిర్యాదులన్నీ వరుసగా చెప్పిన తరువాత, ఈ అణచివేతలన్నింటిలోను మేం వినయంగా విన్నపాలు చేసుకున్నాం, వాటికి జవాబుగా మళ్లీ మళ్లీ దెబ్బలే దొరికాయి అని చెబుతుంది. ఆ పత్రంలో పన్నుల మాట ఒక ఫిర్యాదు మాత్రమే. విన్నపాల మాట అన్ని ఫిర్యాదులనూ కలిపి కట్టిన ముడి.

4. వాళ్లను దేవతలుగా చూపించమని నేను అడగడం లేదు. ఆనాటి 25 లక్షల జనంలో దాదాపు ఐదో వంతు బానిసలు. వారి మొర వినడానికి ఆ కొత్త సభల్లోనూ చోటు లేదు. అపలాచియన్ కొండలకు పడమర భూముల్లోకి వెళ్లవద్దని 1763లో రాజు ఇచ్చిన ఉత్తర్వు ఆదివాసులకు కొంత రక్షణ. తిరగబడినవాళ్ల కోపాల్లో అదీ ఒకటి. తమ మాట వినలేదని లేచినవాళ్లు ఇతరుల మాట వినకపోవడం కూడా పాఠంలో ఉండాలి.

5. ఈ చరిత్ర మా జిల్లాలకు దూరపు సంగతి కాదన్నది పాఠంలో ఎక్కడా కనిపించదు. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొగలు చక్రవర్తి ఫర్మానాతో (రాజాజ్ఞతో) ఉత్తర సర్కారులు, అంటే మా శ్రీకాకుళం సర్కారుతో సహా కోస్తా తీరపు జిల్లాలు, ఈస్టిండియా కంపెనీకి దఖలుపడ్డాయి; 1766 నవంబరులో నిజాంతో ఒడంబడిక కుదిరింది. శ్రీకాకుళం సర్కారు ప్రజలను అడిగినవాళ్లు ఎవరూ లేరు. బోస్టన్ నీళ్లలో పడిన తేయాకు ఆ కంపెనీదే. అది చైనాలో కొన్న తేయాకు అని, అప్పటికి మన దేశంలో తేయాకు తోటలు లేవని పిల్లలకు చెప్పాలి. చాలామంది దాన్ని అస్సాం తేయాకు అనుకుంటున్నారు. 1770 నాటి బెంగాలు కరువు, కంపెనీ అధికారుల దోపిడీ, యుద్ధాల ఖర్చు కలిసి దివాలా అంచుకు చేరిన కంపెనీని గట్టెక్కించడానికే ఆ తేయాకు చట్టం పుట్టింది. బెంగాలులో చచ్చిన రైతుకూ బోస్టన్ రేవుకూ ఉన్న ఈ బంధం కంటే మంచి పాఠం నాకు తెలియదు. అమెరికాలో యుద్ధం సాగుతుండగానే 1780 అక్టోబరులో విశాఖపట్నంలో, హైదర్ అలీ మీద యుద్ధానికి ఓడ ఎక్కమన్నందుకు సిపాయిలు తిరగబడ్డారు. 1781లో అమెరికాలోని యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిసే 1786లో మనకు గవర్నర్ జనరల్‌గా వచ్చాడు. ఆయన 1793లో బెంగాలులో తెచ్చిన శాశ్వత శిస్తు పద్ధతి 1802లో మా ప్రాంతానికి చేరి, మా తాతముత్తాతలను జమీందార్ల కింద రైతులుగా నిలబెట్టింది.

పద్మనాభం యుద్ధం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పేష్కష్ (జమీందారు కంపెనీకి కట్టే కప్పం) బకాయిల పేరుతో జమీని స్వాధీనం చేసుకుని, మచిలీపట్నం వెళ్లిపొమ్మని కంపెనీ ఆజ్ఞాపిస్తే, విజయనగరం రాజు చిన విజయరామరాజు వెళ్లక 1794 జులైలో పద్మనాభం దగ్గర తన రాచవారితో నిలబడి యుద్ధంలో ప్రాణం విడిచాడు. పిన్నవాడైన కొడుకు నారాయణరాజును కొండ జమీందార్లు కాపాడితే, చివరికి కంపెనీ అతనితో రాజీకి వచ్చి జమీలో కొంత భాగం తిరిగి ఇచ్చింది. దీన్ని అమెరికా కథతో ముడిపెట్టి రెండూ ఒకటే అనడం నాకు ఇష్టం లేదు. అక్కడ సభలు, విన్నపాలు ఉన్నాయి; ఇక్కడ రాజుకూ కంపెనీకీ నడుమ పేష్కష్ తగాదా ఉంది, రైతు మాట రెండు వైపులా లేదు. ఈ తేడాను విద్యార్థి చేత రాయించగలిగిన ప్రశ్న ఒక్కటైనా నేను 31 ఏళ్లలో ఏ పరీక్షాపత్రంలోనూ చూడలేదు.

6. విన్నపం కథ మన దగ్గర మళ్లీ మళ్లీ వస్తుంది. 1879లో గోదావరి ప్రాంతపు రంప కొండల్లో ముత్తాదారులు, అంటే కొన్ని ఊళ్ల మీద పెత్తనం ఉన్న కొండ నాయకులు, లేచిందీ ఇలాగే: తరతరాలుగా గీసుకుని తాగిన కల్లు మీద చిగురుపన్ను, వాళ్లపై దొర అయిన మునసబుదారు దౌర్జన్యం, మైదానపు వ్యాపారులు కోర్టుల్లో తెచ్చుకున్న ఏకపక్ష డిక్రీలు, వీటిలో దేని మీదా మొర పెట్టుకునే చోటు లేకపోవడం. తిరుగుబాటు జరిగాక ప్రభుత్వమే ఆ మునసబుదారును తొలగించింది. ముందే విని ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో. 1923లో ఉప్పు పన్నును రెట్టింపు చేయడాన్ని కేంద్ర శాసనసభ తిరస్కరిస్తే, వైస్రాయి తన ప్రత్యేకాధికారంతో దాన్ని అమలుచేశాడు. 1930 మార్చి 2న గాంధీజీ వైస్రాయికి సుదీర్ఘంగా లేఖ రాసి, జవాబు కోసం వేచి చూశారు. వైస్రాయి కార్యదర్శి నుంచి నాలుగు ముక్కల జవాబు వచ్చింది. మార్చి 12న దండికి నడక మొదలైంది. నౌపడ ఉప్పు మళ్ల పక్కన పెరిగిన పిల్లలకు, కళ్లెదుట సముద్రం ఉన్నా చారెడు ఉప్పు తీసుకోవడం నేరమైన రోజుల గురించి చెబితే తరగతిలో ఎవరూ కదలరు. 1940 ఏప్రిల్ 1న మందస జమీలో, అడవి కట్టెల తగాదాలో గుడారి రాజమణిపురం దగ్గర పోలీసు కాల్పుల్లో సాసుమాన గున్నమ్మ చనిపోయింది. ఆమె పేరు మా జిల్లా పెద్దలకు తెలుసు, పదో తరగతి పిల్లలకు తెలియదు.

7. దీనివల్ల మామూలు మనుషులకు కలిగే నష్టం ఏమిటని మీరు అడగవచ్చు. ప్రతి సోమవారం కలెక్టరు కార్యాలయం ముందు పింఛను కోసం, పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు సవరణ కోసం, నీటి కాలువ కోసం అర్జీ పట్టుకుని నిలబడే వారిలో నా పాత విద్యార్థులు కనిపిస్తుంటారు. సగంమందికి అర్జీ ఎలా రాయాలో తెలియదు; ఎవరికి రాయాలో, జవాబు రాకపోతే పైన ఎవరున్నారో తెలియదు. వీధిలో కూర్చునే రాతగాడికి యాభయ్యో వందో ఇచ్చి రాయించుకుంటారు. అర్జీ అంటే బతిమాలుకోవడమనే వాళ్ల నమ్మకం. అదొక హక్కని, దాని కోసం రెండు ఖండాల్లో జనం ప్రాణాలిచ్చారని వాళ్లకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఇంకొక నష్టం దీనికంటే పెద్దది. రేపు ఆ అర్జీలు అందుకునే కుర్చీల్లో కూర్చోబోయేది కూడా ఈ పిల్లలే. పోటీ పరీక్షలకు "కారణం: అధిక పన్నులు" అని బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకున్న అధికారికి, అర్జీ చదవకుండా పక్కన పెట్టడం ఎంత పెద్ద సంగతో ఏ పాఠం నేర్పింది?

ఈ కారణాల వల్ల మిమ్మల్ని ఈ కింది విధంగా కోరుతున్నాను.

8. అమెరికా తిరుగుబాటుకు "తేయాకుపై అధిక పన్ను" అనే జవాబును అన్ని జవాబుల నమూనాల నుంచి, ప్రశ్నల బ్యాంకుల నుంచి వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు తొలగించాలి. తన సొంత మాటల్లో సరైన కారణం రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు వేసే స్వేచ్ఛ దిద్దే ఉపాధ్యాయుడికి రాతపూర్వకంగా ఇవ్వాలి.

9. వెళ్లి స్థిరపడినవాళ్ల వలసలకు, పరాయి పాలన కిందకు వచ్చిన దేశాలకు పాఠాల్లో వేర్వేరు మాటలు వాడాలి. మా జిల్లాల ఉపాధ్యాయులను పిలిస్తే, పిల్లలకు అర్థమయ్యే మాటలు సూచించడానికి సిద్ధంగా ఉన్నాం.

10. 1765 నాటి విన్నపాల నుంచి 1776 ప్రకటన వరకు కాలక్రమం, గాంధీజీ 1930 లేఖలోని కొన్ని భాగాల తెలుగు పాఠం పుస్తకంలో చేర్చాలి. ఉత్తర సర్కారులు, పద్మనాభం, రంప, మందసల గురించి కనీసం నాలుగు పేజీలు ఉత్తరాంధ్ర జిల్లాల పిల్లలకు అనుబంధంగానైనా ఇవ్వాలి.

11. తొమ్మిది, పది తరగతుల్లో ప్రతి విద్యార్థి చేత ఏడాదికి ఒకసారి, తన ఊరి నిజమైన సమస్య మీద ఒక అర్జీ రాయించి, దాన్ని సంబంధిత కార్యాలయానికి పంపించి, వచ్చిన జవాబును, రాకపోతే రాలేదన్న సంగతిని తరగతిలో చర్చించే పనిని ప్రాజెక్టుగా పెట్టి మార్కులు కేటాయించాలి. దీనికి డబ్బు ఖర్చు లేదు, తపాలా బిళ్ల తప్ప.

12. ఈ లేఖకు, నా పాత మూడు ఉత్తరాలకు కలిపి, ఒప్పుకుంటారో లేదో చెబుతూ రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఒప్పుకోకపోతే కారణాలు తెలపండి. నా మాటలో తప్పుంటే దిద్దుకుంటాను. ఆ రోజు సున్నా వేయించుకున్న అమ్మాయి ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. మీ జవాబు రాగానే తీసుకువెళ్లి ఆమెకు చూపిస్తానని మాట ఇచ్చి ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు